పండుకొని ఆడే ఆటలు

పొద్దుగాల ఏడింటికి మిల్లు నుంచొస్త.
ఒంటి నిండ ఉప్పుడు బియ్యం వాసన,
చెవుల నిండ ఊక.
సునంద అప్పటికే జడ ఏసుకొని
టిఫిన్ డబ్బకు మూత పెడుతుంటది.
సాగర్ రోడ్డు మీది బట్టల దుకాన్ల
ఎనిమిదిన్నరకు షెట్టరు లేవాలె.
గడప కాడ చేతులు మారుతయి
తాళంచెవి, పాలోని చీటి, ఇద్దరు పిల్లలు.

"ఫోను ఇయ్యకు" అంటది పోతపోత.
ఇయ్యను.
ఇచ్చినా ఏం ఫాయిద, నెట్టు అయిపోయి వారమాయె.

హన్వికకు ఆరు. బిట్టుగానికి మూడున్నర.
నాకు ముప్పై నాలుగు, రాత్రి మోసినయి నూట ఎనభై బస్తాలు.
అందుకే మా ఇంట్ల ఏ ఆటకైనా ఒక్కటే రూలు:
నాయిన లేవొద్దు.

మొదలు పలక ఆట.
అంగీ ఇప్పి బోర్ల పండుకుంట.
వీపు మీద ఏలుతోని అక్షరం రాస్తరు,
నేను చెప్పాలె.
"క" రాస్తే "గుర్రం" అంట.
పడి పడి నవ్వుతరు, మళ్ల రాస్తరు.
ఏం రాసిండ్రో నాకు తెలుసు.
కని దురద ఎక్కడుందో అక్కడిదాంక
తప్పులు చెప్తనే ఉంట.
"జర కిందికి రాయి బిడ్డా,
ఈడ సాఫ్ కనవడతలేదు."

ఇంకోటి చీమ.
గోడెంబడి పోయేదాన్ని సూపెట్టి
"దీని ఇంటి పేరేందో కనుక్కొని రాండ్రి" అంట.
పావుగంట నాది.
ఒకపారి బిట్టుగాడు ఉరికొచ్చి
నా చెవుల నోరు పెట్టి చెప్పిండు:
"చక్కెరోళ్లంట."

తెల్లెంటికలు ఏరే ఆట ఉంటుండె,
ఎంటికకు రూపాయి.
మొన్న పదిహేడు రూపాయలు బాకీ తేలినంక
బంద్ పెట్టిన.

దొంగనిద్ర ఆట మాత్రం మీరు ఆడకుండ్రి.
ముందుగాల నిద్రవోయింది నేనే.
లేశేసరికి పసుపు డబ్బ ఖాళీ,
నా కుడి భుజం నిండ పసుపు.
"దెబ్బ తాకింది గద నాయినా" అన్నడు బిట్టుగాడు.
తాకింది నిజమే.
నేను ఎవలికీ చెప్పలే.

అన్నిట్ల పెద్దది కాల్వ ఆట.
మాది షాబాద్ బండల ఇల్లు,
బండకు బండకు నడుమ సిమెంటు ఎప్పుడో లేశిపోయింది.
గిన్నెడు నీళ్లు, రెండు చెంచెలు, ఒక పాత తువ్వాల.
గిన్నె సాగర్ డ్యాము.
హన్విక ఇంజినీరు. బిట్టుగాడు గేటు.
గేటు చెయ్యి తీసిండంటే
నీళ్లు సందుల పొంటి మెల్లగ నడుస్తయి.
మంచం కోడు హాలియా,
బీరువ కాడ మన మిర్యాలగూడ,
తలుపు దాటితే హుజూర్‌నగర్.
నేను చాప మీది నుంచే హుకుం ఇస్త:
"ఇయ్యాలటికి చాలు, తూము ముయ్యి."
"ఎగువోళ్లు మోటరు పెట్టిండ్రు, ఆ తువ్వాల గుంజు."

బియ్యం డ్రమ్ము ఎనక మూల ఒకటుంది.
బండ జర ఎత్తుకు లేశి ఉంటదేమో
ఎన్ని గిన్నెలు ఇడిసినా
రెండు జానల ఇవుతల్నే ఇంకిపోతయి.

"అది ఏ ఊరు నాయినా?" అనడిగింది హన్విక.
కండ్లు మూసుకొని ఒక ఊరి పేరు చెప్పిన.
వాళ్లు సూడని ఊరు.
"ఆడ ఎవరుంటరు?"
"మస్తు మంది ఉంటుండిరి.
మిల్లులకొచ్చిండ్రు."

ఇగ నాకు నిద్రవట్టింది, నిజం నిద్ర.
మెలకువొచ్చేసరికి కరెంటు పోయింది,
ఫ్యాను నిలవడ్డది,
ఇల్లంత సప్పుడు లేదు.
పిల్లలున్న ఇంట్ల సప్పుడు లేకుంటెనే భయం.
మెల్లగ తల మలిపి సూసిన.

గేటు కొలువు ఇడిసిపెట్టిన బిట్టుగాడు
సగం పెయ్యి డ్రమ్ము ఎన్కకు దూర్చి
తాగే గ్లాసుల నుంచి చెంచెడు చెంచెడు
ఆ మూల పోస్తున్నడు.
పక్కన ఇంజినీరమ్మ
మూతి మీద ఏలు పెట్టుకొని:
"మెల్లగ పొయ్యిరా,
నాయిన లేస్తే ఆట అయిపోతది."

డ్రమ్ము కింద తడి చేరితే
పొద్దుమీకి సునంద ఏమంటదో నాకు ఎరికే.
చాప కొస సుత తడుస్తున్నది.

లేవలే.
రూలు రూలే గద.