ఎడమ చేయి

ముఖం పూర్తయి అప్పటికి మూడు వారాలు.
మెడలో ముత్యాలు కూడా ఆరిపోయాయి.
ఎడమ చేయి ఒక్కటే మిగిల్చాను.
బద్ధకం కాదు,
అదీ అయిపోతే ఆమె ఇక రాదు.

బుడాపెస్ట్‌లో ఆ చలికాలం
నా స్టూడియోలో బొగ్గుపొయ్యి ఒక్కటే నిజాయితీగా పనిచేసేది.
నేను మాత్రం
పొద్దున వేసిన చిటికెనవేలు
రాత్రి టర్పెంటైన్ గుడ్డతో తుడిచేసేవాణ్ణి.

బారన్‌గారి భార్య ఎటెల్కా
మంగళవారం, శుక్రవారం, పదకొండింటికి
గుర్రబ్బండి దిగి నాలుగంతస్తులు ఎక్కి వచ్చేది.
మెట్ల ఆయాసం తలుపు దగ్గరే వదిలేసి
లోపలికి మర్యాద ఒక్కటే తెచ్చుకునేది.
వెంట వచ్చిన ముసలి బోరిష్కా పొయ్యి పక్కన
అల్లిక ఒళ్ళో పెట్టుకుని నిద్రపోయేది,
నిద్ర నటించేదేమో, ఆమె దయ ఎవరికి తెలుసు.

ఏం మాట్లాడుకున్నాం?
ఏమీ లేదు.
నక్కతోలు ధరలు. ఒపేరాలో పడిశం పట్టిన గాయని.
గడ్డకట్టిన డాన్యూబ్ మీద ఎవరి కుక్కో జారిపడటం.
ఒక్కసారి మాత్రం,
"పియానో వాయించేవారట కదా" అన్నాను.
"పెళ్ళికి ముందు" అంది,
ఇప్పుడు రైలు ఆగని
ఏదో ఊరి పేరు చెప్పినట్టు.

చెప్పి, చేయి కుర్చీ పిడి మీద పెట్టింది.
వేళ్ళు వాటంతటవే కదిలి, తడిమి, ఒకచోట ఆగి
చెక్కను అదిమి పట్టుకున్నాయి.
నాకు సంగీతం రాదు.
స్వరానికీ సున్నానికీ తేడా తెలియని మొద్దుని.
తెలిసిందల్లా చూడటం.
బొటనవేలు ఎంత వాలిందో,
మధ్యవేలి కణుపు ఎక్కడ తెల్లబడిందో
ఉన్నదున్నట్టు వేశాను.
ఆ రాత్రి గుడ్డ ముట్టుకోలేదు.

శుక్రవారం ఆమె చూసింది.
చాలాసేపు చూసి, గ్లౌజు తొడుక్కుంది.
"అయిపోయినట్టేనా?"
"అయిపోయినట్టే."
ఆ ఒక్క మాటకి నాకు నాలుగు నెలలు పట్టింది.

బొమ్మ గోడకెక్కిన రాత్రి విందుకు నన్నూ పిలిచారు.
అద్దె కోటు, చంకల్లో బిగుతు.
బల్ల చివర, గుర్రాల వ్యాపారికీ
చెవిటి కౌంటెస్‌కీ మధ్య కుర్చీ.
కొవ్వొత్తుల అడవికి అవతల ఆమె,
ఆమె వెనక గోడ మీద ఆమె.
ఇద్దరిలో ఒకరు నావైపు చూస్తున్నారు.

"ముత్యాలు అచ్చం ముత్యాలే!" అన్నాడు బారన్,
తన డబ్బుని తను గుర్తుపట్టిన సంబరంతో.
మంచివాడే. సూపులో ఉప్పు తగ్గినా
వంటవాణ్ణి పల్లెత్తు మాట అనడు.
అతణ్ణి ద్వేషించలేకపోవడం నా దరిద్రం.

అప్పుడు లేచాడు ముసలి సెరెడి,
ఆమె చిన్ననాటి పియానో మాస్టారు.
కళ్ళద్దాలు నుదుటి మీదకి తోసి
బొమ్మకి ముక్కు తగిలేంత దగ్గరగా వెళ్ళాడు.
పెదాలు కదుపుతూ వేళ్ళు లెక్కపెట్టాడు.
మూలనున్న పియానో మూత ఎత్తి
వణికే తన ఎడమ చేతిని
గోడ మీది చేతిలా అమర్చి
నొక్కాడు.

ఐదు స్వరాలు.
తరవాత ఎవరో చెప్పారు,
ఇంకో మెట్టు దిగితే గాని ఇల్లు చేరని స్వరాలట అవి.
ఆయన దిగలేదు.
"ఇది నా దగ్గర సగంలో వదిలేశావు, పిల్లా" అన్నాడు.

చెంచాలు ఆగాయి.
చెవిటి కౌంటెస్ కూడా ఏదో విన్నట్టు తల తిప్పింది.
నలభైమంది మధ్య గాల్లో
నా చలికాలం వేలాడుతోంది.
నేను వేశాననుకున్నది చేయి.
ఆమె చెప్పింది మాట,
చెవి లేనివాణ్ణని తెలిసి
కంటికి అందేలా.

ఎటెల్కా రుమాలు నాలుగు మడతలు పెట్టింది.
"కాఫీకి పక్కగదిలోకి వెళ్దామా?"
గొంతు ఏమాత్రం వణకలేదు.
కుర్చీలు జరిగాయి. సిగార్లు వెలిగాయి.

నేను వెనకబడి
పియానో ముందు ఒక నిమిషం నిలబడ్డాను.
ఏ మెట్టు తరవాత ఏ మెట్టో ఎవర్నడగను?
మూత మూసి వెళ్ళాను.

వెండి కూజాతో ఆమే పోస్తోంది.
చక్కెర ఎంతని అందర్నీ అడిగింది,
నన్ను అడగలేదు.
రెండు బిళ్ళలు వేసి ఇచ్చింది.