నాలుగో కొలత

ఛాంఫాయ్ కొండ అంచున మా ఇల్లు.
వెదురు గుంజల కింద లోయ, లోయ నిండా మంచు.
పొయ్యి వెలిగించే ముందు మా అత్త రొథాంగి
బియ్యం డబ్బా మూత తీస్తుంది,
మనిషికో డబ్బీడు కొలుస్తుంది,
కొలిచిన దాంట్లోంచే ఒక గుప్పెడు
వెనక్కి తీసి
కిటికీ కింది రేకు డబ్బాలో పోస్తుంది.
అది చర్చికి.

పెళ్లైన కొత్తలో అడిగాను,
కొలవక ముందే తీయొచ్చు కదా అని.
"అప్పుడది బియ్యం.
ఇప్పుడిది మన అన్నం" అంది.

కొలతలు నాలుగు. తినేది ముగ్గురం:
అత్త, నేను, నా కూతురు కిమీ.
నాలుగోది ఛువానాది, నా భర్తది.
మత్తు మాన్పించే ఇంటికి నాలుగుసార్లు వెళ్లాడు.
మూడుసార్లు తిరిగొచ్చాడు.
వచ్చిన ప్రతిసారీ ఇంట్లో ఒకటి తగ్గింది:
గిటారు,
పెళ్లికి నేనే నేసుకున్న పువాన్,
చివరికి వాననీటి తొట్టి ఇత్తడి కుళాయి.
ఆ రాత్రి ఏడాది నీళ్లన్నీ
చప్పుడు లేకుండా లోయలోకి దిగిపోయాయి.

అయినా నాలుగో కొలత మానదు ఆవిడ.
మిగిలిన అన్నం పొద్దున్నే పందికి.
"నా కొడుకు పేరు చెప్పుకుని ఇది బలుస్తోంది"
అని నవ్వుతుంది,
నవ్వి, కాసేపు గోడకేసి చూస్తుంది.

ఆదివారం ప్రసంగంలో
ఓర్పు కిరీటంలా మెరిసింది.
డప్పులు మోగాయి, నేనూ పాడాను.
సోమవారానికి అది తడికట్టె.
ఊదాలి. కళ్లు మండుతాయి.
పొగ నా జుట్టులోనే ఉండిపోతుంది.

జూలైలో కొండచరియ విరిగి దారి మూసుకుంది.
బియ్యం ధర పెరిగింది.
"ఇంకో మూడు నెలలు ఉంచాలి" అని ఫోనొచ్చింది.
ఆ సాయంత్రం వంట నాది.
తీసిన గుప్పెడు చేతిలో చూసుకుని
ఎవరికి, ఎందుకు అనుకుని
తిరిగి కుండలో పడేశాను.

అన్నం ఎక్కువేం కాలేదు.
రుచీ మారలేదు.
నాకు అదే ఎక్కువ కోపం తెప్పించింది.

అత్త తిన్నది, పళ్లెం కడిగింది,
ప్రార్థన చేసుకుని పడుకుంది.
తెల్లవారి నా మణికట్టు పట్టుకుని
నా చేతిని బియ్యంలోకి దించింది.
"నీ పిడికిలి చిన్నదే" అంది,
"సరిపోతుంది."

మంగళవారం ఆడవాళ్లు గోనెసంచితో
మెట్లెక్కి వస్తారు.
ఎర్రబియ్యం, పాతబియ్యం, నూకలు,
పురుగు పట్టినవి, ఏరి ఏరి కడిగినట్టున్నవి,
అన్నీ ఒకే సంచిలో.
మా రేకు డబ్బా కూడా వంచారు.
ఒక పూట తగ్గిందని ఎవరూ అడగలేదు.
నేనే చెప్పబోయి ఊరుకున్నాను.

నిరీక్షణ అన్న మాట
గుడి గోడ మీద పెద్దక్షరాల్లో చదివినదే.
రోజూ ఒక పళ్లెం ఎక్కువ బోర్లించడం
దాని పేరేనని
ఈ ఇంటికొచ్చాకే తెలిసింది.
కొన్ని రోజులు తెలిసీ నచ్చలేదు.

నవంబరులో, సుమో కిక్కిరిసి వచ్చిన సాయంత్రం,
అందరూ దిగాక దిగాడు ఛువానా.
చొక్కా వదులై వేలాడుతోంది.
కిమీ నా వెనక్కి నక్కింది.
ఎవరం ఏడవలేదు.
తొట్టికి కొత్త కుళాయి వేసి ఉంది, ప్లాస్టిక్‌ది.
దాన్ని కాసేపు చూసి
దాని కిందే చేతులు కడుక్కున్నాడు.

లోపల డబ్బా మూత తీసి ఉంది.
నాలుగు కొలతలు పళ్లెంలో ఉన్నాయి.
చిన్నప్పటి అలవాటేమో,
అడక్కుండానే గుప్పెడు తీశాడు.
చెయ్యి వణికింది.
సగం గింజలు చెక్కల సందుల్లో పడ్డాయి.

అత్త మోకాళ్ల మీద కూర్చుంది.
నేనూ కూర్చున్నాను.
కిమీ దీపం పట్టుకుంది.
ఒక్కొక్క గింజా ఏరాం.

ఇదే చివరి రాకో, ఐదోసారి వెళ్తాడో
నాకు తెలియదు.
రేపటి బియ్యం ఇంకా కడగలేదు.