కళ్ళజోడు పని మీద

లాకు గేటు గొలుసు తెగింది. సాయంత్రం ఆరు దాకా
ఏ పడవా కదలదన్నారు రేడియోలో.
మా బార్జీలో పదకొండు వందల టన్నుల కంకర,
ఎక్కడికీ తొందర లేని సరుకు.
కెప్టెన్ హిన్నెర్క్ కాడ ఊడిన కళ్ళజోడు నా జేబులో పెట్టి
"ఊళ్ళోకి పోయి బాగుచేయించుకురా. రొట్టె కూడా" అన్నాడు.

పంతొమ్మిది రోజుల తర్వాత నేల.
రాళ్ళు పరిచిన వీధి నా కింద మెల్లగా ఊగింది.
ఊగేది నేనేనని తెలుసు.
అయినా ఎవరిదో ఇంటి గోడ పట్టుకున్నాను
ఎర్రటి పూలకుండీ పక్కన, దొంగలాగా.

ఏరు దాటాక తెప్ప తగలేసేవాళ్ళుంటారట.
మేం ఏరు దాటం.
దాని పొడుగునా పోతాం, పోతూనే ఉంటాం.
ఊళ్ళన్నీ మాకు ఒక పక్కనుంచే తెలుసు,
ఇటు తిరగని మనిషి చెంపలా.
ఈ ఊరూ అంతే: ఒక గంటగోపురం, ద్రాక్షతోటల వాలు,
నది వైపు ఆరేసిన దుప్పట్లు.
ఎనిమిదేళ్ళు దీని ముందునుంచే పోయాను.
దీనికో వెనక వీధి ఉంటుందని
ఒక్కసారీ అనుకోలేదు.

కళ్ళజోళ్ళ కొట్టు మూసి ఉంది. మూడింటికి తెరుస్తారట.
అద్దం లోపల నలభై జతలు
కళ్ళు లేకుండా నన్నే చూస్తున్నాయి.

రొట్టెల కొట్టు మూల గోడ మీద
రాతిలో చెక్కిన గీతలు, ఒక్కో గీత పక్కన ఒక్కో ఏడు:
నది అక్కడిదాకా వచ్చి, నిలబడి, వెళ్ళిపోయిందన్నమాట.
అన్నిటికన్నా పైది 1784. చెయ్యెత్తినా అందదు.
ఆ గోడకి మడమలు ఆనించి, గడ్డం పైకెత్తి
ఏడేళ్ళ పిల్ల నిలబడింది.
అవ్వ పిండి చేత్తో దాని మాడు మీద అరచెయ్యి పరిచి
"1970 దాటేశావు లియోబా, రెండు వేళ్ళు" అంది.
పిల్ల గెంతింది.
ఆ ఏటి వరద ఇక తనని ముంచలేదు.

"నువ్వెంత?"
టోపీ తీసి నిలబడ్డాను. వీపుకి రాయి చల్లగా తగిలింది.
పిల్ల పీపా ఎక్కి, తనూ చెయ్యి పిండిలో ముంచి
నా నెత్తిన గట్టిగా ఒక్కటేసింది.
"1909కి పైన. 1845కి కింద. ఆ ఏడైతే మునిగేవాడివి."
"పడవలో ఉండేవాణ్ణి కదా."
కాసేపు ఆలోచించింది.
"మా కప్పు దగ్గరికి వచ్చేవాడివా?"
"కంకర పారబోసి మరీ."
"పిల్లిని కూడా ఎక్కిస్తావా?"
"పిల్లినే ముందు."

అవ్వ అంది: ఆ డెబ్భైలో నాకూ దీని వయసే.
మేడ కిటికీలోంచి చూశాను.
కొట్టు తలుపు తోసుకుని రొట్టెలు తేలుతూ బయటికొచ్చాయి,
బాతుల్లా వరసగా,
మలుపు తిరిగి నది వైపు పోయాయి.
నేను చప్పట్లు కొట్టాను.
మా నాన్న ఒక్కొక్కటీ లెక్కపెట్టాడు.
తర్వాత ఆమె ఏమీ అనలేదు. రొట్టె కాగితంలో చుట్టింది,
అంచులు మడిచిన చోటే మళ్ళీ మళ్ళీ మడుస్తూ.

మూడింటికి వెండెలిన్ జాఫ్ కొట్టు తెరిచాడు.
ఆవగింజంత మర బిగించాడు, అరనిమిషం పని.
అద్దాలు వెలుతురుకి పెట్టి చూసి నొసలు ముడిచాడు.
"ఈ నంబరు పాతది. ఈయనకి అవతలి ఒడ్డు కనిపించదే!
ఏం పని చేస్తాడు?"
"లెక్కలు రాస్తాడు" అన్నాను.

ఆరున్నరకి లాకు తెరుచుకుంది.
ఊరు మళ్ళీ చెంప చూపిస్తూ వెనక్కి జరిగింది,
గోపురం, ద్రాక్ష, తియ్యని దుప్పట్లు.
ఆ వెనక ఒక గోడ మీద
రెండు వరదల నడుమ నా ఎత్తు ఉంది, గీత లేకుండా.
నేల ఇప్పుడు ఊగడం లేదు. ఊగాల్సింది ఊగుతోంది.

హిన్నెర్క్ కళ్ళజోడు పెట్టుకుని
చుక్కాని వదలకుండా నన్ను ఎగాదిగా చూశాడు.
"ఒక్క పూటలో నెత్తి నెరిసిందేంట్రా?"

పిండి, అన్నాను.