పదకొండు గోతులు

కాగితం నాలుగు రోజులుగా డ్యాష్‌బోర్డు మీదే ఉంది.
కాఫీ కప్పు మోపిన చోట గోధుమరంగు వలయం,
సరిగ్గా దాని మధ్యలో జీతం అంకె.
గంటకి నలభై రెండు డాలర్లు. తిండి, బస కంపెనీదే.
పంటికీ కంటికీ కూడా బీమా ఉందట.
ఆ మాట విన్నట్టే, నిన్న రాత్రి
నా ఎడమ దవడ పన్ను మళ్ళీ సలిపింది.

నాన్న ఈ బ్యాక్‌హో కొన్న ఏడు నేను రెండో క్లాసు.
దీని అసలు పసుపు ఇప్పుడు సీటు కింద మాత్రమే మిగిలింది.
కుడి లీవరు కాస్త బతిమాలి లాగాలి.
మెయిన్ రాష్ట్రం పైకొసన, నది దాటితే కెనడా,
ఈ లోయలో నేను తవ్వని పెరడు తక్కువ.
బిల్లుకి బదులు రెండు బస్తాల బంగాళాదుంపలు దించినవాళ్ళున్నారు.
బాకీ అడిగితే మంచు గురించి మాట్లాడేవాళ్ళున్నారు.

పోయిన మంగళవారం బాంగర్‌లో పరీక్ష పెట్టారు.
నలభై టన్నుల ఎక్స్‌కవేటరు.
మెట్లెక్కి తలుపేసుకుంటే లోపల
పూజ అయిపోయాక చర్చిలో ఉండేంత నిశ్శబ్దం.
సీటు వెచ్చగా ఉంది. తెరమీద నా బకెట్టు బొమ్మ,
దాని కింద ఎర్రగీత, ఇంతకన్నా లోతుకి పోవద్దని.
పోయి చూద్దామనుకున్నాను.
బకెట్టు దానంతటదే ఆగిపోయింది.
ఆకాశంలో ఎక్కడో తిరిగేదానికి తెలుసట నా గొయ్యి ఎంత లోతో.

వేరు తగిలితే అరచేతికి ఒక రకం వణుకు,
పాత ఇటుక తగిలితే ఇంకో రకం.
అక్కడ మాత్రం వెన్నలో చెంచా తిప్పినట్టుంది.

ఫోర్‌మన్ ట్రెంట్ హాస్కిన్స్ అట్టమీద ఏదో రాసుకుంటూ
"నీ చెయ్యి బాగుంది" అన్నాడు.
పాతికేళ్ళలో ఆ మాట అన్న మొదటి మనిషి.
నిజం చెప్పాలంటే ఆ ఒక్క ముక్కకే
అక్కడికక్కడ సంతకం పెట్టేసేదాన్ని.
జేబులో పెన్ను లేదు.

"ఏప్రిల్ మొదటి సోమవారం రా.
గాలిమరల పునాదులు, అరవై నాలుగు.
అవయ్యాక ఎక్కడ పనుంటే అక్కడికి."

మా దగ్గర చలికాలం పోయినవాళ్ళని వెంటనే పూడ్చరు.
నాలుగడుగుల దాకా నేల గడ్డకట్టి ఉంటుంది,
బకెట్టు పళ్ళు విరుగుతాయే గాని మట్టి లేవదు.
సమాధుల తోట గేటు పక్కన రాతిగదిలో
పెట్టెలు వరసగా ఉంటాయి
మే నెల కోసం, నా కోసం.
ఈ ఏడు పదకొండు.
పోస్టాఫీసు క్లోవిస్, తూము వేసినందుకు నాకు వంద డాలర్లు బాకీ.
లెక్కలు చెప్పిన సిస్టర్ ఫెర్నాండ్.
డ్యూబే అక్కచెల్లెళ్ళలో పెద్దావిడ.
పుట్టిన రోజే పోయిన ఓ పసిది,
దాని పెట్టెమీద ఎవరో ఊలు టోపీ పెట్టి వెళ్ళారు.

"పదకొండు గోతులకి ఎంతొస్తుంది?" అన్నాడు ఆర్మెల్.
గొయ్యికి రెండొందలు. పసివాళ్ళకి నేను తీసుకోను.
ఆ సంగతి అతనికి తెలుసు.
అయినా పదకొండుతోనే హెచ్చించాడు.
అలా హెచ్చించినా పికప్పు వాయిదాలు రెండు తీరవు.
అతని మాటలో తప్పేం లేదు.

నేను వెళ్తే వాళ్ళు ఆ గదిలోనే ఉండిపోరు.
ఫోర్ట్ కెంట్ నుంచి ఓ కుర్రాణ్ణి పిలుస్తారు.
వాడూ తవ్వుతాడు, మూలలు కాస్త వంకరపోతాయేమో.
లోపల పడుకున్నవాళ్ళు చెప్పరు, పైన నిలబడ్డవాళ్ళు చూడరు.
నిద్ర పట్టనివ్వనిది ఇదే.

పొద్దున్న ఆరింటికి కాగితం మోకాలి మీద పెట్టుకున్నాను.
పేరు, ఒడెట్ సీర్. వయసు. లైసెన్సు నంబరు.
ఎప్పటి నుంచి రాగలరు అన్న గడి దగ్గర
ఇంకు బిగుసుకుంది. పెన్ను నోటి దగ్గర పెట్టి ఊదాను.
నేల కరిగాక, అని రాశాను.

చదివితే వేళాకోళంలా ఉంది.
ట్రెంట్ నవ్వి పక్కన పడేస్తాడేమో.
కొట్టేద్దామని గీత మొదలుపెట్టి ఆపేశాను,
ఆ కొసరు గీత అక్కడే ఉంది.

తాళం తిప్పాను.
ఇంజను మూడోసారికి అందుకుంది.