వైట్నర్ పనికిరాదు

హకొదాతె ఉపాధి కార్యాలయంలో
ఏడో నంబరు కిటికీ నాది.
ఉద్యోగం ఎలా తెచ్చుకోవాలో చెప్పడమే నా ఉద్యోగం.

ఫిబ్రవరి మంచులో వచ్చిందామె, కుదో మిత్సుయె.
సముద్రంలో స్క్విడ్‌లే లేకపోతే
వాటిని కోసి ఆరబెట్టే ఫ్యాక్టరీ ఎన్నాళ్లుంటుంది?
ఇరవై రెండేళ్లు కత్తికి అలవాటుపడ్డ బొటనవేలు
పెన్ను పట్టమంటే మొరాయించింది.

"చేత్తోనే రాయాలి. నల్ల సిరా.
ఒక్క అక్షరం తప్పినా
వైట్నర్ పనికిరాదు, కొట్టివేత పనికిరాదు.
కొత్త కాగితం తీసుకుని
పుట్టిన తేదీ దగ్గర్నుంచి మళ్లీ మొదలుపెట్టాలి."

ఆమె నవ్వింది.
"అలా కుదురుతుందని
ఇన్నాళ్లూ ఎవరూ చెప్పలేదే!"

షోవా నలభై మూడులో పుట్టుక
హేసే మూడులో ఫెర్రీ కంపెనీ గుమాస్తా పనికి రాజీనామా
హేసే పద్నాలుగులో ఫ్యాక్టరీ
రేవా ఆరులో ఫ్యాక్టరీ మూత.
ముగ్గురు చక్రవర్తుల లెక్కలో ఒక్క మనిషి.
రాజీనామా గీతకీ ఫ్యాక్టరీ గీతకీ మధ్య
నా స్కేలుతో కొలిస్తే ఎనిమిది మిల్లీమీటర్లు.
ఆ సందులో పదకొండేళ్లు.

"అడుగుతారు," అన్నాను.
"కుటుంబ కారణాలు అని, అక్కడితో ఆగండి."

ఇంటర్వ్యూ కూడా నేర్పాను.
నా ఇనుప బీరువాయే తలుపు.
మూడుసార్లు తట్టాలి,
రెండుసార్లు తడితే మరుగుదొడ్డి అనుకుంటారు.
కూర్చోమన్నాకే కూర్చోవాలి.
బలహీనత అడిగితే
బలంలా కనిపించేది ఒకటి చెప్పాలి.
"పనిలో పడితే టైం తెలియదు నాకు, అనండి."
"తెలుస్తుందండీ," అంది.
"ఐదింటికల్లా మోకాళ్లు చెప్పేస్తాయి."

సూపర్‌మార్కెట్ పక్కన ఫొటో పెట్టె,
తొమ్మిది వందల యెన్‌లకి ఆరు ముఖాలు.
వెనక పేరు రాసి అతికించింది.
కవర్లు తిరిగొచ్చాయి, లోపల ఆమె కాగితం,
దాంతోపాటు నాలుగు మర్యాద వాక్యాలు:
మీ భావి విజయం కోసం ప్రార్థిస్తున్నాము.
ఏడు కంపెనీలు, ఏడు ప్రార్థనలు.
"ఇంతమంది మొక్కుకుంటుంటే
నాకేం కొదవ?" అంటూనే
పాత కాగితం మీంచి తన ముఖాన్ని
స్క్విడ్ కత్తితో చర్మం ఒలిచినంత ఒడుపుగా
చిరగకుండా లేపింది.
జిగురు పూసి, ఎనిమిదో కాగితం మీద పెట్టింది.

అది ఆసుపత్రి వంటగది.
కుర్ర మేనేజరు ఆ ఎనిమిది మిల్లీమీటర్ల మీద వేలు పెట్టాడట.
"మా మామగారికి పక్షవాతం, ముద్ద మింగుడుపడేది కాదు.
ముల్లంగి ఎంత ఉడికితే గొంతు దిగుతుందో
చేప ఏ పాకంలో ఉంటే పొలమారదో
పదకొండేళ్లు అదే నేర్చుకున్నాను.
ఆయన పోయాక
ఆ వంట తినేవాళ్లు లేకపోయారు."

ఈ జవాబు నేను నేర్పింది కాదు.

వారం గడిచింది, పదిరోజులు గడిచాయి.
కవరు తిరిగి రాలేదు.
"నా ఫొటో వాళ్ల దగ్గరే ఉండిపోయింది,"
ఫోన్లో చెప్పింది.
వెనకాల గిన్నెల చప్పుడు.

చెప్పేవాడికి వినేవాడు లోకువ.
ఈ కిటికీకి ఇటువైపు కూర్చున్నవాడిది
ఏడాది ఒప్పందమేనని
అటువైపు వాళ్లెవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు.
మార్చి ముప్పై ఒకటితో సరి.

స్టేషనరీ కొట్లో కొన్నాను, నాలుగు ఫారాల కట్ట.
వంటింటి బల్ల మీద, దీపం కింద
ఆరో గీత దాకా ముత్యాల్లాంటి అక్షరాలు.
ఏడో గీతలో
రేవా అని రాయాల్సిన చోట
చెయ్యి హేసే అని రాసేసింది.

తెలియకుండానే డ్రాయరు లాగి
వైట్నర్ కోసం వెతికాను.

తర్వాత కొత్త కాగితం తీశాను.
పేరు.
పుట్టిన తేదీ.