గరిక

పత్తి చేన్ల ముప్పయ్యేండ్లు
గరికను పీకి పీకి గట్టు మీదేసిన.
ఇప్పుడు ఇంటెనక ఇరవైరెండు గజాల జాగల
అదే గరికను నాటి
బిందెతోని నీళ్లు పోసి బతిలాడుతున్న.

హాలియ బుచ్చిలింగం
సాగర్ల చినిగిందని పారేసిన వల
నీలగిరి గుంజలకు గుంజి కట్టిన.
జెల్లల వాసన ఇంకా పోలే.
రోలర్ యాడిది? సిమెంటు తూము దొర్లిస్తున్న,
నడుము నాది, ఆట లహరిది.

నిన్న బర్రె తలుగు తెంపుకొని
సరిగ్గ బంతి పడే కాడ్నే మేసి పోయింది.
తిట్టుకుంట మన్ను పోయబోతే
"ఉండనీ నాయినా" అన్నది.

ఆ బోడి మచ్చ మీదనే ఏసింది బంతి.
గిర్రున మర్లి
నా బ్యాటును అడగకుంటనే
పోయి వలల పడ్డది,
చేపోలె కొట్టుకుంట.