తరుగు

ఎనుమాముల యార్డుల ముప్పై ఏండ్లు
మిర్చి బస్తాలు మోసిన వీపు ఇది.
కొత్త హమాలీ వారం రోజులు దగ్గుతడు,
తర్వాత ముక్కు మొద్దువారుతది, కండ్లు నీళ్లు మరుస్తయి,
తేజ కాయ ఘాటు ఉత్త గాలి లెక్కనే అయితది.
సద్దిల నాలుగు ఎండుమిరపకాయలు కాల్చుకొని
ఉప్పుతోటి నలుపుకొని తిన్నోణ్ని.

ఇప్పుడు
గోరువెచ్చని నీళ్లు కూడా
నాలుక మీద నిప్పై పడుతున్నయి.

మూడో సూదిమందు అయినంక
నోరంత పుండ్లు లేసినయి.
ఉమ్మి మింగాల్నంటే
ముందుగాల తలుపు గొళ్లెం పట్టుకొని నిలబడాలె.

స్టీలు గిన్నెల ఏది పెట్టినా
పాత తాళంచెవి చప్పరించినట్టుంటది.
"గిన్నె కడగలేదా" అని కసిరిన కొంరమ్మను.
ఆమె కడిగింది. మళ్ల కడిగింది. చింతపండు పెట్టి తోమింది.
దవాఖానల నర్సమ్మ చెప్పిందాక మాకు ఎరుక లేదు
తప్పు గిన్నెది కాదు, మందుదని.
అప్పటి నుంచి ప్లాస్టిక్ చెంచా, పింగాణి గిన్నె,
పాలుమరిచిన పిల్లగాని లెక్క.

పోపు వాసనకు కడుపు తిప్పుతదని
పొయ్యిని డాబా మీదికి ఎక్కించింది కొంరమ్మ.
అక్కడ కూడా కొంగు పైకెత్తి
గాలి ఎటు పోతుందో చూసి
అప్పుడు ఆవాలు వేస్తది.
వాళ్లు తినేటప్పుడు పళ్లెం చప్పుడు రాదు.
నా ఇంట్ల నా వాళ్లే
దొంగల్లెక్క తింటున్నరు.
గదే నాకు పుండ్లకంటె ఎక్కువ మండుతది.

చుట్టపోళ్లు వస్తరు.
ఒకరు కోడికాళ్ల సూపంటరు, ఒకరు బొప్పాయి ఆకంటరు.
"తినకపోతే ఎట్ల బావా?"
తినకపోతే ఎట్లనో నాకు ఎరుకే.
తింటె ఎట్లుంటదో వాళ్లకు ఎరుక లేదు.

యార్డుల కాంట మీద బస్తా పెడితె
మట్టికింత, తేమకింత, తాలుకింత అని
తరుగు తీసేటోళ్లు.
రైతు గుడ్లప్పగించి చూస్తుండె.
నేను తల తిప్పుకునేటోణ్ని, నా కూలి నాకు.
ఇప్పుడు దవాఖాన కాంట మీద నేనే బస్తాను.
అరవై ఎనిమిది.
అరవై నాలుగు.
యాభై తొమ్మిది.
ఎంత తేమ కింద పోయింది, ఎంత తాలు కింద పోయింది
అడగాల్ననిపిస్తది.
గప్పుడు ఒక్కసారన్న
ఆ రైతు మొఖం చూసి ఉంటె బాగుండు.

బిడ్డ స్రవంతి నోటుబుక్కుల గీతలు కొట్టింది,
అచ్చం తక్‌పట్టీ.
ఏడింటికి: గటక, రెండు చెంచాలు.
తొమ్మిదింటికి: సల్ల, అర గ్లాసు. కక్కిండు.
పదకొండింటికి: మళ్ల సల్ల. ఆగింది.
"ఆకలి చెప్పినప్పుడు కాదు బాపూ,
గడియారం చెప్పినప్పుడు తిను" అంటది.
మంచుగడ్డ నోట్ల పెట్టుకుంటె
కాసేపు నాలుక మొద్దు నిద్రపోతది.
కాపలోడు కునికినప్పుడు లారీ గేటు దాటినట్టు
ఆ నిద్రలనే ముద్దలు దాటించాలె.

నిన్న మాపటికి ఉప్పలయ్య వచ్చిండు,
యార్డు నుంచి సీదా.
కాళ్లు కడుక్కుండు, చేతులు కడుక్కుండు,
భుజం మీది తువ్వాల మరిచిండు.
కూసుంటూ దులిపిండు.

నాకు తుమ్మొచ్చింది.
ఒకటి కాదు, ఏడు.
ముప్పై ఏండ్లు తుమ్మెరుగని ముక్కు!
నోట్ల పుండ్లు పగిలి పానం పోయినంత పనైంది.
ఉప్పలయ్య బెదిరి తువ్వాలను వాకిట్లకు విసిరిండు.
కొంరమ్మ ఉరికొచ్చి, నా మొఖం చూసి,
ఎందుకో నవ్వింది.
"మొదటి రోజు కూలికి పోయొచ్చినట్టున్నవ్."
దసరా సంది ఆమె నవ్వు నేను ఇనలేదు.

గటక తెమ్మన్న.
సల్లారింది, పలుసగ, ఉప్పు లేకుంట.
నేనే అడిగి తెప్పిచ్చుకున్న,
గడియారం ఇంక చెప్పకముందే.
స్రవంతి పెన్ను తీసింది. "ఎన్ని బాపూ?"

నాలుగు చెంచాలని రాయి.
ఆగు,
గడ్డం మీద కారింది చూడు.
తరుగు తీయి.
మూడున్నర.